కడుగు పారబోసిన అక్బర్ బీ

తిరుమలగిరిలో పెళ్ళిళ్ళకు వంట చేసే అక్బర్ బీ కడుగు పారబోసే మనిషి కాదు. బియ్యం కడిగిన నీళ్ళు మోరీలో పోస్తే ఇంటి బరకతు, సిరి పోతుందనేది. ఆ నీళ్ళతోనే చారు కాచేది. గింజ బలమంతా కడుగులోనే ఉంటుందని ఆమె నమ్మకం.

పోలీసు చర్య జరిగిన ఏటి చలికాలం. రేషన్‌లో ముక్కిపోయిన జొన్నలు తప్ప మరేమీ దొరకడం లేదు. కూతురు మాబూబీ కాన్పై పుట్టింట్లో ఉంది. ఆ జొన్న గటక వాసన తగిలితే చాలు, ఓకరించేది. తిండి లేక పాలు పడలేదు. పసిగుడ్డు చప్పరించి చప్పరించి గుక్కపట్టి ఏడ్చేది.

తెల్లదొరల బంగళా తోటమాలి సోమయ్య ఒకనాడు తువ్వాల్లో తెల్లటి సన్న గింజలు కట్టుకొచ్చాడు. వెళ్ళిపోయిన దొరసాని వదిలిన విత్తనం. ఈనాడు దుకాణాల్లో కినోవా అని అమ్ముతున్నవే.

"చలిదేశం పంటనట అక్కా. ఎండలల్ల ఏస్తే అంత పొల్లే. ఈసారి చలిల ఏస్తే కంకి నిండింది. బాలింతకు మస్తు బలం. గని నురుగు పొయ్యేదాక కడుగాలె, దొరసాని గట్లనే చేసేది."

"నాకే వంట నేర్పుతున్నవా తమ్మీ?"

నీళ్ళు పోసి పిసికితే నురుగు పొంగింది. అక్బర్ బీ మురిసిపోయింది. ఇంత చిక్కటి కడుగు ఏ బియ్యానికీ రాలేదు! ఒక్క బొట్టు పోనీయక అందులోనే జావ కాచింది.

మాబూబీ ఒక్క గుక్క తాగి గోడ మీదికి ఉమ్మింది. "థూ! సబ్బు తాపుతున్నవా అమ్మా? చంపుతవా ఏంది?"

అక్బర్ బీ నాకి చూసింది. నాలుకంతా చేదు, గొంతులో జిగట. తానూ వాకిట్లోకి ఉరికి ఉమ్మింది.

"బట్టలుతికిన నీళ్ళల్ల కాసినవా వదినే?" పక్కింటి దేవమ్మ గోడ మీదుగా నవ్వింది. జావ మేక ముందు పెడితే మేక సుత మూతి తిప్పుకుంది.

లోపల పసిగుడ్డు మళ్ళీ ఏడుపు షురూ చేసింది. అక్బర్ బీ పళ్ళు బిగించి మిగిలిన గింజలతో మోరీ దగ్గర కూర్చుంది. కడగడం, పారబోయడం. మోరీ నిండా కదులుతున్న ఆ నురుగు చూడలేక కళ్ళు మూసుకుని పిసికింది. దాన్ని కూతురికి తాపినందుకు తన మీద తనకే రోత పుట్టింది. నీళ్ళు తేటపడ్డాకే పొయ్యి మీదికెక్కించింది.

మాబూబీ వాసన చూసి, భయపడుతూ ఒక ముద్ద పెట్టుకుంది. ఇంకొకటి. "చేదు లేదే! నువ్వు సుత తిను."

"నాకద్దు తల్లీ. ఆ నురుగే కండ్లల్ల తిరుగుతున్నది."

"అట్లయితే నీ వంతు సుత నాకే పెట్టు."

అక్బర్ బీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, గిన్నె అడుగు దాకా గీకి పెట్టింది.

వారం తిరిగేసరికి పసిగుడ్డు కడుపు నిండి నిద్రపోవడం మొదలుపెట్టింది. సోమయ్య మళ్ళీ మూట తెచ్చాడు. అక్బర్ బీ దాన్ని చూడగానే పక్కకు తిరిగి ఉమ్మింది. తర్వాత మూట అందుకుని, బిందె నింపడానికి లేచింది.