పోయిన వల ఎక్కడుంది

ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేసే ఎల్లారావుకి అరవై దాటినా ప్రశ్నలు తగ్గలేదు. రొయ్య వెనక్కి ఎందుకు ఈదుతుంది, ఐసు ఎందుకు తేలుతుంది అంటూ కనపడిన వాళ్ళ ప్రాణం తోడేస్తాడు. అన్నిటికన్నా పాత ప్రశ్న ఒకటుంది. ఏడేళ్ళ కిందట వీరన్న సరంగుగా నడిపే బోటు వల రాళ్ళకి చిక్కుకుంది. బోటు ఒరిగిపోతోందని తాడు కోసి వలను వదిలేశారు. అందులో ప్రతి ముడీ ఎల్లారావు వేసిందే. అదిప్పుడు ఏం చేస్తూ ఉంటుందని అతని గోల.

"సముద్రంలో పోయిన వల ఏటి సేత్తాది బావ? పడుంటాది," అని వీరన్న తేల్చేసేవాడు.

మొన్న జూన్ అయిదున ప్రపంచ పర్యావరణ దినోత్సవం. వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. సముద్రం అడుగున చెత్త తీయడానికి వెళ్ళిన డైవర్లు ఒక పాత వల తెచ్చి దినోత్సవం బ్యానర్ ముందు పడేశారు. ఇక ఎల్లారావు ఆగుతాడా? చేతిలో పని పక్కన పెట్టి వెళ్ళాడు.

నాచు పట్టి కంపు కొడుతున్న వలను వేళ్ళతో తడిమాడు. అతనిది ఎడమచేతి వాటం, ముడి అందరిలా కాక తిరగబడి పడుతుంది. ఈ ముళ్ళన్నీ అలాగే ఉన్నాయి. ఒక్కటీ విడలేదు. ముందు గర్వమే వేసింది, దాచడమెందుకు. తరువాత లోపలికి చూశాడు. ఎముకలు, పీతల డిప్పలు, చచ్చిన తాబేలు, రెండు చేపలు. ఆ చేపల మొప్పలు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"సేపలు తాజాగున్నాయేటమ్మా?" అని డైవర్ల నాయకురాలు యశస్వినిని అడిగాడు.

"నైలాన్ కుళ్ళదు కదా తాతా. మనిషి లేకపోయినా చేపల్ని పడుతూనే ఉంటుంది. చిక్కిన చేపని తినడానికి ఇంకోటి వస్తుంది, అదీ చిక్కుతుంది. ఇది ఎవరి వలో తెలుసా?"

వెనకనుంచి వీరన్న మోచెయ్యి గిల్లాడు. "నోరెత్తకు బావ. ఆఫీసర్లున్నారు. వల వదిలీసినట్టు తెలిస్తే నా సరంగు పని పోతాది," అని గొణిగాడు.

ఎల్లారావు వీరన్న వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ స్నేహం, పైగా పెళ్ళి కావాల్సిన కూతురున్న మనిషి. ఎల్లారావు చేతులు బార్లా చాపి వలను కొలిచాడు. పదకొండు బారల దగ్గర అది తెగి ఉంది. మళ్ళీ కొలిచాడు. పదకొండే.

"నా సేత్తో కట్టిందేనమ్మా," అన్నాడు. "కానీ నాను కట్టింది ముప్పై బారలు."

"ఇది దొరికిన చోట చుట్టుపక్కలంతా వెతికాం తాతా. ఇంకేం లేదు."

ఎల్లారావు వెనక్కి తిరిగాడు. ఈసారి ప్రశ్న మెల్లగా అడిగాడు.

"వల సిక్కిన ఆ రాళ్ళెక్కడున్నాయి బావ?"

వీరన్న ఆఫీసర్ల వైపు చూశాడు, తాబేలు వైపు చూశాడు. చెప్పులు విడిచి, దారి చూపడానికి డైవర్ల పడవ ఎక్కాడు.