మామ పట్టుకున్న నిచ్చెన

పక్కింటి మామ పోయాడన్న కబురు మా ఇంటిది తెచ్చింది. నేను వసారాలో కూర్చుని ఎవరో రైల్లో వదిలేసి పోయిన పాత పత్రిక చదువుకుంటున్నాను. ఆమె గడపలో నిలబడి, "మామ ఇంగ లేడు" అంది. "నిచ్చెన వానకు తడవకుండా గోనెపట్టా కప్పమన్నాడంట" అని కూడా చెప్పింది. చివరి మాటగా భార్యాబిడ్డల గురించి చెప్పినవాళ్ళను విన్నాను, దేవుడి గురించి చెప్పినవాళ్ళనూ విన్నాను. నిచ్చెన గురించి చెప్పి పోయినవాడు నాకు తెలిసి ఈయనొక్కడే. ఆ నిచ్చెన మాది కావడమే నా బాధ.

మామ అంటే చుట్టరికం కాదు. ఎర్రగుంట్ల స్టేషను అవతల నాపబండల గనిలో పనిచేసేవాళ్ళకు వరుసగా ఇళ్ళుండేవి. ఆయన ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడ. వాళ్ళు తాతల నాటినుంచి చర్చికి పోయేవాళ్ళు. మేము శనివారం ఆంజనేయుడికి టెంకాయ కొట్టేవాళ్ళం. మా వరుసలో ఎవరి కులం ఏదో పొద్దున తెలిసేది, సాయంత్రానికి బండల దుమ్ము అందరినీ ఒకే రంగుకు తెచ్చేది. అట్లా ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త అయ్యారు.

సీమలో వానే లేదు, ఇనుముకు తుప్పు ఎక్కడిది అని కోస్తావైపునుంచి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. పంటకు చాలని వాన తుప్పుకు బాగా చాలుతుంది. దానికితోడు మా బావి నీళ్ళు ఉప్పన. తడిచేత్తో ముట్టుకున్న కిటికీ ఊచ మూడో నెలకు ఎర్రబడుతుంది.

నాకు మీసం సరిగా రాని రోజుల్లో, ఒక క్రిస్మసుకు ముందు, మామ ఇల్లంతా సున్నం కొట్టించాడు. రైల్వేవాళ్ళు వేలం వేసిన పాత ఇనుములో ఆయనకొక నిచ్చెన దొరికింది. రెండిళ్ళకూ మిద్దె ఎక్కడానికి అదే దారి. అది తుప్పుపట్టి ఉంటే, పండుగకు బాగుండదని, గీకకుండానే పైన నల్లరంగు పూశాడు. చూడ్డానికి కొత్త పెండ్లికొడుకులాగే ఉంది. మిద్దె మీద కాగితం నక్షత్రం కట్టాలన్నారు. పొడుగ్గా ఉన్నానని నేను ఎక్కాను. పై మెట్టు దాకా పోయాక అది పుల్లలాగా విరిగింది. రంగు లోపల ఇనుము లేదు, తుప్పే ఉంది. నేను కింద పరిచిన బండల మీద పడ్డాను. మోకాలి చిప్ప పగిలింది.

ఎముకలు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి కట్టాడు. కాలు నిలిచింది గానీ వంగడం మానేసింది. బండలెత్తే పనికి వంగని కాలు పనికిరాదు. నన్ను గనిలోకి రానీలేదు.

అప్పట్నుంచి మామ మనిషి మారిపోయాడు. విరిగిన నిచ్చెనను కమ్మరితో బాగుచేయించి, ఇంగ ఇది మీదేనని మా గోడకు ఆనించిపోయాడు. పడుకున్నవాడికి పొద్దుపోదని చర్చివాళ్ళ చదువుగదినుంచి పుస్తకాలు తెచ్చిచ్చేవాడు. ఆయనకు అక్షరం రాదు, అందుకని మందం చూసి తెచ్చేవాడు. శానా దినాలు పడుకోవాల గదప్పా, లావుది తెచ్చినా అనేవాడు. నాకు గుణింతాల దాకానే వచ్చు. నేను మొదట పూర్తిగా చదివిన గ్రంథం పశువుల రోగాల గురించి. గాలికుంటు మీద నాకు ఈనాటికీ మంచి పట్టుంది. ఆ తర్వాత పాటల పుస్తకం, లెక్కల పుస్తకం, మొదలూ చివరా లేని ఒక నవల. కాలు కట్టు విప్పేసరికి నేను చదవగలిగినవాణ్ణయ్యాను. బండల అంగడిలో గుమాస్తా పని దొరికింది. నేను బడికి పోలేదు. నా బడి మామ చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది.

ఇది నాకు తెలుసు. ఆయనకు తెలియదు. ఆయన లెక్కలో నేను ఆయన చేతులారా కుంటివాణ్ణి చేసిన పిల్లవాణ్ణి.

ఏటా ఉగాది పోగానే, ఎండలు ముదిరి ఇనుము ఒంటిమీద చెమ్మ లేని రోజులు చూసి, మామ మా ఇంటికి వచ్చేవాడు. రైలు వంతెనకు రంగు వేసేవాళ్ళ వెంటపడి అడిగి పని నేర్చుకున్నాడు. అరిగిన కొడవలి ముక్కతో నిచ్చెననంతా గీకేవాడు. మూలల్లో ఇటుకపొడి పెట్టి రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎండకు వదిలేవాడు. ఆ తర్వాత చిన్న సుత్తితో ఒక్కొక్క మెట్టునూ కొట్టి చెవి పెట్టేవాడు. "మంచి ఇనుము పలుకుతాదప్పా, తుప్పు తిన్నది దగ్గుతాది" అనేవాడు. దగ్గిన మెట్టును కమ్మరి దగ్గరికి తీసుకుపోయేవాడు. మా కిటికీ ఊచలు, బావి గిలక, తలుపు గొళ్ళెం, ఏదీ వదిలేవాడు కాదు. తుప్పు మీద రంగేయడమంటే పాముకు దుప్పటి కప్పడమేనని ఆయన మాట. ఆ మాట అనేటప్పుడు నా మోకాలివైపు చూసేవాడు కాదు.

మొదటి పూత సింధూరం, అవిసె నూనెలో కలిపింది. సింధూరం అమ్మే అంగడాయన ఒకసారి, చర్చికి పొయ్యే నీకు ఆంజనేయుడితో ఏం పనప్పా అని అడిగాడట. నిచ్చెనకని చెప్పి వచ్చాడు. ఆ నిచ్చెన ఎర్రగా ఆరుతూ గోడకు ఆనుకుని ఉంటే, స్టేషనుకు పోయే ముసలమ్మ ఒకామె దేవుడే అనుకుని మెట్టు మీద బంతిపువ్వు పెట్టి దండం పెట్టింది. నేను నవ్వి తీసేయబోయాను. మామ ఒప్పుకోలేదు. "ఉండనీలేప్పా. దాన్ని నమ్మే గదా ఎక్కేది" అన్నాడు. పువ్వు వాడి రాలిపోయేదాకా ఆ మెట్టుకు నల్లరంగు రెండో పూత పడలేదు.

రంగు వేయడంతో ఆయన పని తీరేది కాదు. మా ఇంటిది చింతపండు ఎండబెట్టడానికో గుగ్గిళ్ళకు అలసందలు తెచ్చుకోవడానికో మిద్దె ఎక్కితే, నిచ్చెన చప్పుడు విని తింటున్న కూడు వదిలి వచ్చేవాడు. రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, ఆడమనిషి ఎక్కుతోంది గనక మొహం అటు తిప్పుకుని, ఆమె దిగేదాకా రాయిలా నిలబడేవాడు. ఆమె కూడా నవ్వుకునేది. పైన కూర్చుని కబుర్లు పెట్టుకుంటే పాపం మామకు మెడ పట్టేస్తాదని తొందరగా దిగేది.

రోజూ పొద్దున కనబడితే ఒకటే ప్రశ్న. కాలెట్లుండాదప్పా? నాది ఒకటే జవాబు. ఉండాది మామా. అందులో కొంత ఎకసెక్కం ఉండేది. ఆయన దాన్ని దెబ్బలాగా తీసుకుని తల వంచుకునేవాడని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టాక కూడా నోరు మార్చుకోలేదు. అలవాటు కూడా తుప్పులాంటిదే.

ఒక ఏడు ధైర్యం చేసి, ఇంగ చాలు మామా, నీకూ వయసైపాయ, మానుకో అన్నాను. ఆయన చేతిలో కుంచె అట్లాగే ఆగింది.

"నన్ను రావొద్దంటాండావా అప్పా?"

రావొద్దని కాదు, ఊరికే వచ్చి కూర్చోమన్నాను. ఆ ఆదివారం చర్చినుంచి తెల్లగుడ్డలతోనే వచ్చి కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. కాసేపటికి చూస్తే గోటితో కిటికీ ఊచను గీకుతున్నాడు. నేనే లేచి కొడవలి ముక్క తెచ్చిచ్చాను. అది జాలో, మా ఇంటి ఇనుముకు ఖర్చులేకుండా రంగు పడుతోందన్న సుఖమో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. ఆ కాలు విరగడం నాకు మేలే అయిందని ఆ రోజే చెప్పాల్సింది. రంగు ఆరనీ, చెబుదాం అనుకున్నాను. ఏటా రంగు ఆరేది.

ఈ వేసవిలో నిచ్చెన గీకి, సింధూరం పూత వేశాక జ్వరం తగిలింది. చూడబోయాను. మంచం పక్కన కూర్చుని, ఈసారి చెప్పేయాలని మాటలు కూడబెట్టుకుంటున్నాను. ఆయన కళ్ళు తెరిచాడు.

"కాలెట్లుండాదప్పా?"

"ఉండాది మామా."

నోరు అదే అనేసింది. ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. రేపు వచ్చి తీరిగ్గా మాట్లాడదామని లేచి వచ్చాను. మా ఇంటిది కబురు తెచ్చేసరికి నేను పత్రిక చదువుకుంటున్నానని చెప్పాను గదా. ఆ చదువు ఎవరిదో కూడా చెప్పాను.

స్నానం చేయించేటప్పుడు ఆయన గోళ్ళ సందుల్లో సింధూరం పోలేదు. అత్త ఇంగ రుద్దొద్దంది. అట్లాగే పెట్టెలో పెట్టారు. నేను జనంలో నిలబడలేక వాళ్ళ కిటికీ పట్టుకున్నాను. అరచేతికి తుప్పు పొడి అంటుకుంది. అప్పుడు చూశాను. వాళ్ళ కిటికీ ఊచలన్నీ పొరలు పొరలుగా లేస్తున్నాయి. దొరల యుద్ధం వచ్చినప్పట్నుంచి రంగు దొరకడం కష్టమైంది. దొరికిన కొంచెం ఎటు పోయిందో మా కిటికీలు చూస్తే తెలుస్తుంది, నల్లగా నిగనిగలాడుతుంటాయి. గోడకు ఇవతలే ఇన్నేళ్ళు కూర్చుని ఇంత చదివినవాణ్ణి, గోడకు అవతల ఉన్నది చదవలేదు.

ఆయన దినం ప్రార్థన అయ్యాక కొడవలి ముక్క పట్టుకుని వాళ్ళ కిటికీ దగ్గరికి పోయాను. అత్త లోపలినుంచి నా కాళ్ళవైపు చూసి ముక్కాలిపీట తెచ్చి వేసింది. "కాలు నొస్తాది నాయనా, కూర్చోని గీకు" అంది. ఒక్క ఊచ కూడా పూర్తి చేయలేకపోయాను.

నిన్న మబ్బు పట్టింది. మిద్దె మీద చింతపండు తడుస్తుందని మా ఇంటిది పట్టా తీసి నిచ్చెన ఎక్కింది. రెండో పూత ఇంకా పడలేదు, ఎర్రగానే ఉంది. నేను పోయి రెండు చేతులా పట్టుకున్నాను. కాసేపటికి పైనుంచి, "ఏమబ్బా, అట్ల మొగం తిప్పుకోని నిలబడినావు? నేను నీ పెండ్లాన్నే గదా" అంది.

అప్పటిదాకా నాకు తెలియలేదు. తెలిశాక కూడా మొహం ఇటు తిప్పలేదు. ఎదురుగా మామ కిటికీ, తుప్పుతో ఎర్రగా. నా చేతుల్లో నిచ్చెన, సింధూరంతో ఎర్రగా. దూరంగా పోయేవాళ్ళకు రెండు ఎరుపులూ ఒకటే. చినుకులు మొదలయ్యాయి. ఆమె దిగేదాకా అట్లాగే నిలబడ్డాను.