ఫెన్స్ అవతల పడ్డ సిక్సర్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా క్రికెట్ క్లబ్బు రెండో జట్టుకి ఆరేళ్లు ఆడాను. పరుగెత్తాలంటే బద్ధకం, ఫీల్డింగ్ అంతంతమాత్రం. బంతిని గాల్లోకి లేపడం ఒక్కటే నాకొచ్చిన విద్య. మొదటి జట్టు నుంచి మూడుసార్లే పిలుపొచ్చింది. ఒకసారి వాన. ఇంకోసారి ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాను, నా వంతు రాకుండానే గెలిచేశారు.

మూడోది కరోనా వేసవిలో. అప్పటికి నెలల తరబడి ఒంటిగదిలోంచే ఆఫీసు పని. శుక్రవారం లాప్‌టాప్ మూస్తే సోమవారం దాకా నోరు విప్పే అవసరం ఉండేది కాదు. కూరలో ఉప్పెక్కువైందని నాకు నేనే చెప్పుకునేవాణ్ని. ఒక ఆదివారం పొద్దున్నే మొదటి జట్టు కెప్టెన్ ఫోన్ చేశాడు. హైదరాబాద్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద.

"తమ్మీ, ఇద్దరు క్వారంటీన్ల పడ్డరు. ఇయ్యాల నువ్వు రావాలె. మంచిగ ఆడితే సీజనంత నువ్వే."

గ్రౌండు పక్కనే వృద్ధాశ్రమం. బయటివాళ్లు లోపల అడుగుపెట్టకూడదు కాబట్టి ఆ ఏడాది కొత్త రూలు పెట్టారు: బంతి ఆ ఫెన్స్ దాటితే ఔట్. వరంగల్‌లో మా గల్లీ రూలే, పక్కింటావిడ బంతి ఇవ్వదని పెట్టుకున్నది.

నన్ను చిట్టచివర దింపారు. ఆఖరి ఓవర్, ఆఖరి వికెట్, నాలుగు పరుగులు కావాలి.

"కింద కొట్టు తమ్మీ, సింగిల్స్ చాలు" అన్నాడు కెప్టెన్.

"సరే అన్నా" అన్నాను. నిజంగానే అనుకున్నాను కూడా. మొదటి బంతే సరిగ్గా నాకు కావలసిన చోట పడింది. చేతులు నా మాట వినలేదు. బంతి ఫెన్స్ మీదుగా వెళ్లి ఆశ్రమం పచ్చికలో పడింది. జన్మలో అంత బాగా కొట్టలేదు. మ్యాచ్ పోయింది. మావాళ్లు ఒక్కరూ నా వైపు చూడలేదు. ఆశ్రమం మేడమీద మాత్రం ఒక ముసలావిడ అద్దం వెనక చప్పట్లు కొడుతోంది.

అందరూ కార్లెక్కి వెళ్లిపోయాక బంతి కోసం నేనే గేటు దగ్గరికి వెళ్లాను. ఏడుపొస్తోంది, మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది. నర్సు బంతిని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గేటు సందులోంచి ఇచ్చింది.

"మీరు మళ్లీ ఎప్పుడు ఆడతారో మేడమీదావిడ కనుక్కోమంది" అంది జర్మన్‌లో.

"వచ్చే ఆదివారం" అనేశాను.

ఆ ఆదివారం మ్యాచ్ వేరే ఊళ్లో. లిస్టులో నా పేరు లేదు, ఆ తర్వాతా రాలేదు. ఖాళీ గ్రౌండుకి ఒక్కణ్నే వెళ్లాను. కిటికీలో ఆవిడ కనిపించాక, బంతిని నేనే ఎగరేసుకుని ఆశ్రమం వైపు కాకుండా గ్రౌండు వైపు బ్యాటుతో గట్టిగా గాల్లోకి లేపాను. ఆవిడ చప్పట్లు కొట్టింది. బంతి తెచ్చుకోవడానికి నేనే పరుగెత్తాను.