పదును రోజున ఫోన్ల వరద

కన్నతల్లి మీద ఒట్టేసి రాస్తున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

బత్తలపల్లెలో మాకు రైతులకు ట్రాక్టర్లు కుదిర్చే చిన్న సంఘం ఉంది. ఫోన్లన్నీ ఇంటర్నెట్ మీదుగా మా గదిలోని సర్వర్‌కు వస్తాయి. దాన్ని చూసుకునేది నేను. ఏడాదిలో పది నెలలు దానికి పని ఉండదు. తోడుగా నేనూ కునుకు తీస్తుంటాను.

ఒక ఏడాది తొలివాన పడింది. విత్తడానికి సరిపడా తడి, అంటే పదును, తన చేలో అయిందని చూసుకున్నాక పక్క మండలంలో వాన పడిందో లేదో తెలియకపోతే మావాళ్లకు ముద్ద దిగదు. అది అడగడానికి అందరూ మాకే ఫోన్ చేశారు. సర్వర్ ముప్పై మందిని మోయగలదు. మూడొందల మంది ఎక్కారు. ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. దాని ఫ్యాను తిరిగిన ఊపుకు ఎదురంగడి వేరుశనగ పొట్టు ధర్మవరం దాకా ఎగిరింది.

అప్పుడు మోకాళ్ల దాకా బురదతో ఒక అక్క నడిచి వచ్చింది. రెండెకరాల ఇసుకనేల ఆమెది, ఒక్క పూట ఎండ కాస్తే తడి ఉండదు.

"ఏమప్పా, పదును ఆరిపోతాండాది. పొద్దున్నుంచి చేస్తాండా, మీ ఫోను యాడ సచ్చింది?"

డ్రైవర్ల నంబర్లు కూడా ఆ సర్వర్‌లోనే ఇరుక్కున్నాయి. ఆమెకు కుర్చీ వేసి నేను సర్వర్ ముందు కూర్చున్నాను.

ముప్పై దాటితే బిజీ అని వచ్చేలా కట్టడి పెట్టాను. లోపల ఉన్నవాళ్ల మాట తేటపడింది. కానీ బిజీ అంటే మావాళ్లకు వెంటనే మళ్లీ చెయ్యమని అర్థం. ఆ తలుపు తట్టే మోతకే సర్వర్ మళ్లీ మూర్ఛపోయింది.

అప్పుడు నాకు తట్టింది. బిజీ మోత తీసేసి, ఫోన్లో దొరికినవాళ్లను అడిగి తెలుసుకున్న వాన కబురు నా గొంతుతో రికార్డు చేసి పెట్టాను: "ఈడ పదునైంది. ధర్మవరంలో అర పదును. గుమ్మఘట్టలో చినుకు లేదు. ట్రాక్టర్ కావాలంటే ఒకటి నొక్కండి." మనిషితో మాట కలపడం కన్నా రికార్డు వినిపించడం సర్వర్‌కు తేలిక. పైగా వాన కబురు వినగానే జనం తృప్తిగా పెట్టేశారు. ఒకటి నొక్కినవాళ్లకు విడిగా ఐదు లైన్లు ఉంచాను. సర్వర్ తెరిపిన పడింది, డ్రైవర్ నంబరు దొరికింది, తడి ఆరకముందే అక్క చేలో గింజ పడింది.

ఇప్పుడు ఒప్పుకుంటాను. నాకు తట్టింది అన్నానే, అదొక్కటి కల్పన. నాకేమీ తట్టలేదు, చెమట్లు పట్టాయంతే. చెప్పింది ఆమె:

"వాళ్లకు కావాల్సింది నువ్వు కాదప్పా, వాన కబురు. అది చెప్పి పంపేయ్. ట్రాక్టరు అడిగేటోళ్లనే నిలబెట్టుకో. మొదలు నన్ను."