దొరుకుతుందమ్మ గదిలో పోయిన బటన్లు

మా పెద్దమ్మకు బస్టాండులో ఉన్న పేరు దొరుకుతుందమ్మ. అక్కడి పోయిన వస్తువుల గదిలో ఇరవై రెండేళ్లుగా ఆమెది ఒకటే కుర్చీ, ఒకటే మాట. గొడుగు పోగొట్టుకున్నవాడికైనా, పళ్లసెట్టు పోగొట్టుకుని నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చినవాడికైనా ఆమె మొదట చెప్పేది, "దొరుకుతుంది, కూర్చోండి" అనే. వస్తువు దొరకడం తర్వాతి సంగతి. ఆ కూర్చోవడంతోనే మనిషికి సగం కంగారు తగ్గుతుంది.

గది టికెట్ల కౌంటరు వెనకాల ఉంటుంది. ఒక కిటికీ, నాలుగు ఇనప బీరువాలు. వాటి నిండా చీటీలు కట్టిన సంచులు, కళ్లజోళ్లు, ఒంటి చెప్పులు, ఎవరో సగం అల్లి వదిలేసిన స్వెట్టరు. కాలేజీ అయ్యాక నేను ఆ గదిలోనే ఒక మూల కూర్చుని చదువుకుంటాను. లైబ్రరీలో కన్నా అక్కడే నిశ్శబ్దం ఎక్కువ. అందుకే ఈ కథలో కొంత విన్నది, ఎక్కువ చూసింది.

పదేళ్ల కిందట ఆ గదికి కంప్యూటరు వచ్చింది. నేర్పడానికి వచ్చినతను ఒక పూట ఉండి, "ఇక్కడ నొక్కండి, తర్వాత ఇక్కడ నొక్కండి" అని తెర మీద వేలితో చూపించాడు. అతను వేలు తీసిన చోటల్లా పెద్దమ్మ ఒక గుండ్రటి రంగుచీటీ అంటించింది. సంచులకు అంటించే చీటీలే అవి. ఎడమవైపు కింది మూలన ఎర్రది: అక్కడ మొదలుపెట్టాలి. దాని పైన పసుపుపచ్చది: వస్తువుల జాబితా. ఇంకాస్త పైన ఆకుపచ్చది: ప్రింటు. పెద్దమ్మ ఏనాడూ బొమ్మలు చూసి పని చెయ్యలేదు. చీటీలు చూసి చేసింది. బాణాన్ని చీటీ కిందకి తోసి నొక్కితే చాలు, పని అయిపోయేది.

నాలుగో చీటీ నల్లది. అది కుడివైపు కింది మూలన ఉండేది. దాన్ని ఎవరూ నేర్పలేదు, పెద్దమ్మే సొంత తెలివితో పెట్టింది. కంప్యూటరు వచ్చిన నాలుగేళ్లకు, రోజూ పొద్దున్నే ఆ మూల నుంచి అది ఏదో అడగడం మొదలుపెట్టింది.

"ఏమడుగుతోంది పెద్దమ్మా?" అని ఒకసారి అడిగాను.

"కొత్తది వేసుకుంటావా అంటోంది. పాతది చిరిగిందా ఏమన్నానా? అడిగిన ప్రతివాళ్లకీ జవాబు చెబుతూ కూర్చుంటే ఇక్కడ పని ఎవరు చేస్తారే?"

అలా ఆ కంప్యూటరు ఆరేళ్లపాటు నల్లచీటీ వెనక నుంచి మర్యాదగా అడుగుతూనే ఉంది.

మొన్నామధ్య కంటి పరీక్షకని పెద్దమ్మ రెండు రోజులు సెలవు పెట్టింది. ఆ రెండు రోజులూ ఆమె కుర్చీలో మైకు మాస్టారు కూర్చున్నారు. బస్సుల రాకపోకలు మైకులో చెప్పేది ఆయనే. మనిషి ఆకారం పిడికెడు, గొంతు మాత్రం స్టాండంత. అద్దం మీద నల్లమచ్చ చూసి, మురికి అనుకుని ఆయన గోటితో గీకేశారు.

మూడో రోజు పెద్దమ్మ తిరిగొచ్చి కంప్యూటరు పెడితే అది రోజూ తెర వెలిగేటప్పుడు పాడే పాత రాగం పాడలేదు. మెల్లగా గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. పచ్చటి కొండ బొమ్మ ఉండాల్సిన చోట నీలిరంగు గుడ్డ ఉండచుట్టి పడేసినట్టు ఏదో ఉంది.

"మాస్టారూ, ఏం చేశారు దీన్ని?"

"నేనేం చెయ్యలేదమ్మా. అది అడిగింది, నేను సరే అన్నాను."

"అడిగితే సరే అనెయ్యడమేనా?"

"ఎన్నిసార్లడిగిందో పాపం. మనిషినన్నాక కాదంటానా?" అన్నారు మాస్టారు, పదో నంబరు ప్లాట్‌ఫారం దాకా వినపడేట్టు.

పెద్దమ్మ ఎర్రచీటీ కింద నొక్కింది. బయట ముప్పై ఒక్క డిగ్రీలు, కొంచెం మబ్బు అని చెప్పింది కంప్యూటరు. కిటికీ ఆమె మోచేతి పక్కనే ఉంది. పసుపుపచ్చది నొక్కితే ఎవరో సినిమా నటుడు పొద్దున్నే ఏం తాగుతాడో చెప్పింది. ఆకుపచ్చది నొక్కితే ఏమీ చెప్పలేదు. మొదలుపెట్టే బటను మూలలో లేదు. తెర మీద తెరుచుకునే కిటికీల మూలలన్నీ ఎవరో చాకుతో చెక్కినట్టు గుండ్రబడ్డాయి. మాటలుండే చోట్ల మాటలు పోయి పిసరంత బొమ్మలొచ్చాయి. కత్తెర దేనికో, అట్ట మీద కాగితం దేనికో, ఎవరికి వారే ఊహించుకోవాలి. జాబితాను పైకీ కిందకీ జరపడానికి పక్కనుండే నిలువు పట్టీ దారమంత సన్నబడి, చూపు మరల్చగానే మాయమైపోతోంది.

గొడుగు కోసం వచ్చిన ఒకాయన కౌంటరు మీద మోచేతులు ఆన్చి ఇదంతా చూశాడు.

"దొరికిందాండీ?"

"ముందు నావి దొరకనివ్వండి" అంది పెద్దమ్మ. ఇరవై రెండేళ్లలో ఆమె కూర్చోండి అనడం మరిచిపోయింది ఆ ఒక్కసారే.

ఇది చాలదన్నట్టు మధ్యాహ్నం డిపో మేనేజరు వచ్చారు. ఆయన కూర్చుని చెప్పరు, గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్లిపోతారు.

"శుక్రవారం పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి వస్తున్నారమ్మా. ఈ గదికి మనిషి కావాలా, మిషను సరిపోతుందా అని చూస్తారట. ఆయన అడిగిన వస్తువు ఐదు నిమిషాల్లో తీసి చూపించాలి. లేకపోతే మిమ్మల్ని పార్సిళ్ల గోడౌనుకి వెయ్యమంటారు. నా చేతిలో ఏం లేదు."

"మీ చేతిలో ఎప్పుడుంది గనక సార్!" అంది పెద్దమ్మ. కానీ అప్పటికి ఆయన గుమ్మంలో లేరు.

పార్సిళ్ల గోడౌనుకి కిటికీ లేదు. అక్కడికి వచ్చేవాళ్లెవరూ ఏదీ పోగొట్టుకుని రారు. పెద్దమ్మకు ఆ రెండోదే ఎక్కువ దిగులు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అన్నం కెలుకుతూ కూర్చుంది. పెదనాన్న దర్జీ. నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టి మాట్లాడితే ఏదో గట్టిగానే అంటారని మాకు తెలుసు.

"బటన్ల చోటు మార్చారా? ఆ పని నేను చేస్తే జనం చొక్కా నా మొహాన కొట్టి పోతారు. మీవాళ్లకి జీతం కూడా ఇస్తారా దానికి?"

"వెటకారాలు తర్వాత. ఏం చెయ్యమంటావో చెప్పు."

"నన్నడుగుతావేంటి? ఊళ్లోవాళ్ల వస్తువులు నువ్వే వెతికిపెడతావుగా. నీ వస్తువు పోతే నీకు చేతకాదా?"

మరునాడు చేతిసంచీ పోయిందని ఒక నర్సు వచ్చింది. పెద్దమ్మ అలవాటుగా ఫారం తీసి, అలవాటు ప్రశ్నలే వేసింది. ఏం వస్తువు? గుర్తులేమిటి? చివరిసారి ఎక్కడ చూశారు? అప్పుడు పక్కన ఏమున్నాయి? నర్సు జవాబులు చెప్పుకుంటూ పోతోంది. పెద్దమ్మ కలం మధ్యలో ఆగింది. నర్సు వెళ్లాక ఇంకో ఖాళీ ఫారం తీసుకుని, తెర వైపు ఒకసారి చూసి, తలుపు దగ్గరగా వేసి రాయడం మొదలుపెట్టింది.

వస్తువు: మొదలుపెట్టే బటను. గుర్తులు: నాలుగు పలకలు, నీలిరంగు. చివరిసారి చూసిన చోటు: ఎడమవైపు కింది మూల, ఎర్రచీటీ కింద. దొరికిన చోటు: అదే వరసలో, మధ్యలో, నలుగురి మధ్య తలొంచుకుని నిలబడి ఉంది.

వస్తువు: కాపీ అనే మాట. దొరికిన చోటు: మాట దొరకలేదు, దాని బదులు ఒకదాని మీద ఒకటి రెండు కాగితాల బొమ్మ పంపారు.

వస్తువు: కుడివైపు నొక్కితే వచ్చే పొడుగు జాబితాలో కింది సగం. దొరికిన చోటు: 'ఇంకా చూపించు' అనే దాని వెనక. దాచిపెట్టిందెవరో తెలియదు.

వస్తువు: నిలువు పట్టీ. దొరికిన చోటు: ఉన్నచోటే. బాణం దగ్గరికి వెళితే లావవుతుంది, దూరం జరిగితే చిక్కిపోతుంది. ఆరోగ్యం బాగాలేనట్టుంది.

రూలు ప్రకారం దొరికిన ప్రతి వస్తువుకీ సాక్షి సంతకం ఉండాలి. అందుకు మైకు మాస్టారును పిలిపించింది. చేసిన పనికి శిక్షగా ఆయన బస్సుకీ బస్సుకీ మధ్య పరిగెత్తుకొచ్చి సంతకాలు పెట్టారు.

"ప్రింటు బటను దొరికిందని నేను నా కళ్లతో చూడాలా?"

"చూడకుండా సరే అనే గదా ఇంతదాకా తెచ్చారు! చూడండి."

గురువారం సాయంత్రానికి పదిహేడు ఫారాలయ్యాయి. పదహారింటికి "దొరికింది" అని ముద్ర పడింది. మిగిలింది పాత రాగం. దాని ఫారంలో గుర్తుల దగ్గర ఏం రాయాలో తెలియక, "పొద్దున్నే వినపడేది" అని రాసి వదిలేసింది. తర్వాత పాత చీటీలన్నీ గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, దొరికిన చోట్లలో కొత్తవి అంటించింది. నల్లది మాత్రం పాత మూలలోనే పెట్టింది.

శుక్రవారం అధికారి వచ్చారు. బరువైన మనిషి, తేలికపాటి సంచీ. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టారు.

"పోయిన వారం పోయిన గొడుగు. చెక్కపిడి. కానివ్వండి."

పెద్దమ్మ ఎర్రచీటీ, పసుపుపచ్చ చీటీ వరసగా నొక్కింది. పట్టీ చిక్కిపోకముందే దాన్ని పట్టుకుని కిందకి లాగింది. మూడో బీరువా, రెండో అర. గొడుగు తెచ్చి బల్ల మీద పెట్టేసరికి నాలుగు నిమిషాలు.

"బాగుంది. మిషనైతే నిమిషంలో చెబుతుందనుకోండి" అన్నారు అధికారి.

"చెబుతుంది సార్. అరలోంచి తెచ్చివ్వదు" అని గుమ్మంలోంచి అన్నారు మాస్టారు. ఆయన గుసగుస అదే. బయట ఇద్దరు ప్రయాణికులు తిరిగి చూశారు.

రిపోర్టు సాయంత్రంలోగా చేరాలట. అధికారి పెద్దమ్మ కుర్చీలోనే కూర్చుని, ఆమె కంప్యూటరు మీదే, ఒక్క వేలితో అరగంటసేపు కొట్టారు. పెద్దమ్మ ఎదురుగా, పోగొట్టుకున్నవాళ్లు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. నేనామెను ఆ బెంచీ మీద చూడటం అదే మొదలు.

అరగంట తర్వాత అధికారి వేలు గాలిలో ఆగింది. తెర మీద అటు వెతికారు, ఇటు వెతికారు. చీటీల మీద ఏమీ రాసి ఉండదు మరి.

"ప్రింటు ఎక్కడుందమ్మా?"

"మీ ఆఫీసులో ఎక్కడుంటుంది సార్?"

"మా ఆఫీసులో నా అసిస్టెంటు చేస్తాడు."

పెద్దమ్మ లేచి ఖాళీ ఫారం తీసింది. "ఫారం లేకుండా ఏ వస్తువూ ఇవ్వకూడదు సార్, రూలు మీదే. వస్తువు, ప్రింటు. చివరిసారి ఎప్పుడు చూశారు?"

అధికారి నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నారు. "కిందటి నెల. మాకూ ఈ కొత్తది వచ్చినప్పట్నించీ కనపడటం లేదు." గొంతు తగ్గించారు. "మొదలుపెట్టేది కూడా."

"అది ఒకటో నంబరు ఫారం. వెళ్లేటప్పుడు నకలు ఇస్తాను."

ఆమె పక్కనుంచే వంగి ఆకుపచ్చ చీటీ కింద నొక్కింది. ప్రింటరు మూలిగి కాగితం వదిలింది. కాగితం తీసి ఇవ్వాలంటే చూడక తప్పదు. మూడో పేరా మొదటి వాక్యం ఆమె కళ్లబడింది: ఈ గదికి మనిషి అవసరం లేదు. మిషను సరిపోతుంది.

పెద్దమ్మ కాగితం ఆయనకిచ్చి, ఫారం ఆయన ముందుకు జరిపింది.

"వస్తువు అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి సార్. పైన 'వెతికి ఇచ్చినవారు' అని ఉంది చూడండి, అక్కడ నా పేరు రాయనా, మిషను అని రాయనా?"

ఆమె అది వెటకారానికి అడగలేదు. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం చెల్లదు.

అధికారి ఆ ఖాళీ గడి చూసి, చేతిలో ఉన్న రిపోర్టు చూశారు. తర్వాత ఆయన కాగితం బోర్లా పెట్టి, తెర వైపు తిరిగారు.

"ఆ మూడో పేరా తీసెయ్యాలంటే ఎక్కడ నొక్కాలమ్మా?"

పెద్దమ్మ సొరుగులోంచి ఇంకో ఫారం తీసింది.

"దొరుకుతుంది సార్. మీరు ఇటొచ్చి కూర్చోండి."

అధికారి లేచి, కుర్చీ ఆమెకు వదిలి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు.