అర్ధరూపాయి బిళ్ల కింద రెండు చిల్లులు

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. నా మాట నమ్మొద్దని సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో నాతో చాయ్ తాగే ప్రతివాడూ మీకు చెబుతాడు. అందుకే మా తాతయ్య కళ్లజోడును బల్ల మీద పెట్టి, ఎడమచెయ్యి దాని మీద ఉంచి, కుడిచేత్తో రాస్తున్నాను. ఇందులో ప్రతి అక్షరం నిజం.

మా తాతయ్య తుపాకులు బాగుచేసేవాడు. వేట ఆగిపోయినా లైసెన్సు తుపాకులు ఇళ్లల్లో మిగిలాయి. వాటిలో ఏనుగుల్ని కొట్టే లావుపాటి డబుల్ రైఫిల్ వస్తే మర్యాదగా తుడిచి ఇచ్చేసేవాడు. చిన్న డబుల్ రైఫిల్ వస్తే మాత్రం ఆ పూట అన్నం సంగతి కూడా మరిచిపోయేవాడు. పక్కపక్కన పెన్సిలు పట్టేంత సన్నని రంధ్రాలతో రెండు గొట్టాలు, కింద రెండు ట్రిగ్గర్లు. ఒకటి పేలాక తూటా మార్చడానికి దేన్నీ లాగక్కర్లేదు, వేలు వెనక ట్రిగ్గర్ మీదికి జరిపితే రెండోది సిద్ధం. భుజానికెత్తితే గొడుగంత తేలికగా, చూపు ఎటుంటే అటే వచ్చి నిలిచేది. దాన్ని మడిచి జేబులో పెట్టుకోవచ్చని నేను గల్లీలో చెప్పాను. కొందరు నమ్మారు కూడా.

ఆ గొట్టాలు చూడ్డానికి సమానంగా ఉంటాయి గాని, నిజానికి చివర్లో వెంట్రుకవాసి ఒకదాని వైపు ఒకటి ఒరిగి ఉంటాయి. అలా ఒరిగితేనే అరవై గజాల దూరాన రెండు గుళ్లూ ఒకేచోట పడతాయి. ఆ ఒరుగు తేల్చేది గొట్టాల మూతి దగ్గర సీసం కరిగించి మాటు వేసి అతికించిన గోరంత ఇనుప ముక్క. సిపాయిలు గురి నేర్చుకునే చాంద్‌మారి మైదానానికి వెళ్లి కాల్చడం, కాగితం మీద చిల్లులు చూడడం, ఇంటికొచ్చి మాటు కరిగించి ముక్కను పిసరంత జరపడం, మర్నాడు మళ్లీ వెళ్లడం.

"ఏనుగుకు జానెడు అటో ఇటో అయినా నడుస్తదిరా. జింకకు నడ్వదు. చిన్న తుపాకికే సాఫ్ పని గావాలె," అనేవాడు తాతయ్య.

ఒకసారి మల్కాజ్‌గిరి నుంచి ఒక టీచరమ్మ తన భర్త తుపాకి తెచ్చింది. ఆయన పోయి ఏడాదైంది. తుపాకి అమ్మేస్తోంది. రెండు గుళ్లూ ఒకే చిల్లులోంచి పోతాయని ఆయన జీవితాంతం చెప్పాడట, ఆమె నవ్వి కొట్టిపారేసేదట. అమ్మేముందు ఒక్కసారి అది కళ్లారా చూడాలంది. అయితే గొట్టాల మూతి దగ్గర మాటు ఊడిపోయింది. తాతయ్య పదకొండు రోజులు మైదానానికీ ఇంటికీ తిరిగాడు. చివరిరోజు కాగితం మీది రెండు చిల్లుల్నీ అర్ధరూపాయి బిళ్లతో కప్పి నాకు చూపించాడు.

నేను ఊరుకుంటానా? ఆ తుపాకి గురి కుదిర్చింది నేనేనని గల్లీలో చాటాను.

"ఏ, పో బే! నీకు సైకిల్ పంక్చర్ ఏసుడు రాదు, తుపాకి సెట్ జేస్తవా?" అన్నాడు నా దోస్తు.

మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుండగా వాడి కళ్లముందే బ్లోల్యాంపు వెలిగించాను. మాటు కరిగింది, ముక్క కదిలింది. వాడి నోరు తెరుచుకుంది. తరవాత ముక్కను అందాజాగా వెనక్కి నెట్టి, గుడ్డతో తుడిచి, తుపాకిని ఎక్కడిదక్కడ పెట్టేశాను.

మర్నాడు మైదానంలో టీచరమ్మ తన చేత్తోనే రెండుసార్లు కాల్చింది. చిల్లులు జానెడు ఎడంగా పడ్డాయి. ఆమె ఆ కాగితం తెప్పించుకుని రెండు చిల్లుల మీదా చెరో వేలు పెట్టింది.

"అయితే ఆయన చెప్పింది అబద్ధమేనా మేస్త్రీ గారూ?"

తాతయ్య గొట్టాల మూతిని బొటనవేలితో తడిమాడు. నావైపు ఒక్కసారి చూశాడు. "సారు అబద్ధం జెప్పలే తల్లీ. నా కండ్లే మోసం జేసినయ్. తప్పు నాది," అన్నాడు.

అప్పుడు నేను ముందుకొచ్చి, "తాతా, మాటు కరగవెట్టింది నేనే," అని ఒప్పేసుకున్నాను. తాతయ్య నవ్వి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. టీచరమ్మ క్షమించింది. మరో పదకొండు రోజులకి అర్ధరూపాయి బిళ్ల మళ్లీ రెండు చిల్లుల్నీ కప్పేసింది.

ఇప్పుడు కళ్లజోడు మీంచి చెయ్యి తీస్తున్నాను. ఆ ముందుకు రావడం, ఆ నవ్వు, ఆ క్షమించడం, రెండోసారి కప్పిన ఆ బిళ్ల నేను కల్పించినవి. మిగతాదంతా నిజమే.

నేను నోరు విప్పలేదు. నేలమీద చీమల్ని చూస్తూ నిలబడ్డాను. కొనేవాళ్లు ఆ సాయంత్రమే వస్తున్నారని టీచరమ్మ తుపాకిని అలాగే తీసుకుపోయింది. వెళ్లేటప్పుడు మేస్త్రీ గారూ అని పిలవలేదు. తాతయ్యకు చూపు పోయిందని నెల తిరక్కుండా కంటోన్మెంటంతా పాకింది. పని రావడం ఆగిపోయింది. తాతయ్య ఈ కళ్లజోడు చేయించుకుని, పోయేదాకా పెట్టుకునే తిరిగాడు. నన్ను ఒక్కమాట అడగలేదు.

మొన్నామధ్య నాకు చత్వారం వచ్చింది. తాతయ్య ఫ్రేములో నా అద్దాలు వేయించుకుందామని సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణంలోని పిల్లవాడు అద్దాల్ని వెలుతురుకు పెట్టి చూసి నవ్వాడు.

"ఇవెవరివి అంకుల్? నంబరే లేదు. ఉత్త గాజు."

అద్దాలు మార్పించకుండానే జేబులో వేసుకుని వచ్చేశాను. ఈ కథ ఇప్పటికి ఎందరికో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నేను ముందుకొచ్చి నిజం ఒప్పుకుంటాను. ప్రతిసారీ తాతయ్య నవ్వి నెత్తి మీద చెయ్యి పెడతాడు.