మా అత్త కన్ను, ఒక ఇంగ్లీషు మాట

‘క్వైట్’ అనే మాటకు నాకు అర్థం తెలియదని ఆ రోజుల్లో ఎవరైనా అని ఉంటే, వాళ్లతో జగడానికి దిగేదాన్ని. బళ్లో మా ఇంగ్లీషు సారు బెత్తంతో బల్ల బాదుతూ అరిచిన అరుపే అది. కడప జిల్లాలో పుట్టినవాళ్లకు దాని అర్థం ‘గమ్మునుండు’. అంతకు మించి అందులో నేర్చుకోవడానికి ఏముంటుంది?

తొంభైల చివర్లో మాదాపూర్‌లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ ఉద్యోగంలో చేరాను. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి నోటితో చెప్పి రికార్డు చేసి పంపేవారు. మేం ఇక్కడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అది వింటూ టైపు చేయాలి. కాలి కింద ఒక పెడల్ ఉండేది. ఒక పక్క నొక్కితే మాట నడిచేది, ఇంకో పక్క నొక్కితే వెనక్కి పోయేది. చుట్టూ కొత్త బిల్డింగుల కోసం బండలు పేలుస్తుండేవారు. సరిగ్గా డాక్టరు మందు పేరు చెప్పేటప్పుడే ఢామ్మని మోగి, కిటికీ అద్దాలు అదిరేవి. వినపడనిచోట ఖాళీ వదలాలి, ఊహించి రాయకూడదు. మాకు మొదటిరోజే నూరిపోసిన సంగతి అది.

ఒకరోజు ఒక కంటి డాక్టరుగారి రికార్డింగు వచ్చింది. పేషెంటు గురించి అన్నీ చెప్పి, చివర్లో కన్ను క్వైట్‌గా ఉందన్నాడాయన. వెనక్కి తిప్పి విన్నాను. మళ్లీ అదే. కన్నేమిటి, గమ్మునుండడమేమిటి? నోరు గమ్మునుంటుంది, పిల్లలు గమ్మునుంటారు. పాపం నిద్రమత్తులో ఏదో అనేశాడనుకుని అక్కడ ఖాళీ వదిలేశాను.

మా పని దిద్దే మేడమ్ పిలిచింది. ఆమెది విజయవాడ. కోప్పడినా ‘అండీ’ అంటూనే కోప్పడేది.

“మాట స్పష్టంగానే ఉంది కదండీ, ఎందుకు వదిలేశారు?”

“మాట ఉంది మేడమ్, అర్థమే లేదు. కన్ను ఎప్పుడైనా అరిచిందా, ఇప్పుడు గమ్మునుండడానికి?”

నాకు నోటి దురుసు ఎక్కువని అప్పటికే అందరికీ తెలుసు. మేడమ్ నవ్వలేదు.

“అరుస్తుందండీ. ఎర్రబడుతుంది, పోటు పెడుతుంది, నీళ్లు కారతాయి, వెలుతురు కేసి చూడనివ్వదు. అవన్నీ తగ్గి లోపల వాపు కూడా లేదనుకోండి, అప్పుడు కంటి డాక్టర్లు క్వైట్ అంటారు. కంటి గురించి వాళ్ల నోట రావలసిన మంచి మాట అదేనండీ.”

ఖాళీ పూరించాను గానీ, లోపల్లోపల గొణుక్కుంటూనే ఉన్నాను. కన్ను అరవడమంటే ఏమిటో ఆ ఏడాదే మా ఇంట్లో తెలిసొచ్చింది.

మేం లింగంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం, నేను, మా ఆయన, మా అత్త. మా అత్తకు నోరు మూతపడేది నిద్రలోనే. పొయ్యి మీది పాలతో మాట్లాడేది, కూరగాయల బండివాడితో మాట్లాడేది. టీవీ సీరియల్లో కోడళ్లకు బుద్ధులు చెప్పేది, వంటింట్లో ఉన్న నాకు వినపడేటట్టు. పొద్దంతా చెవిలో డాక్టర్లు, పొద్దుగూకితే అత్త. ఒక్కరోజు ఈమె మాట్లాడకుండా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

అత్తకు కంట్లో శుక్లం తీశారు. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. కొద్దిరోజులకే ఆ కన్ను పండుమిరపకాయలాగా అయింది. దీపం వేస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. పరుగున తీసుకెళ్తే డాక్టరు చూసి, లోపల వాపు వచ్చింది, గంటగంటకూ చుక్కలు వేయండి, తగ్గకపోతే చూపు దక్కడం కష్టం అన్నాడు. అత్త ఎదురుగానే అన్నాడు.

ఆనాటి నుంచి అత్త మాట్లాడటం మానేసింది. పాలు పొంగిపోతున్నా పలకదు. గోడవైపు తిరిగి, కొంగు మొహం మీద కప్పుకుని పడుకునేది. టీవీ ఎవరూ పెట్టలేదు. నేను కోరుకున్నదే ఇంట్లోకి వచ్చింది. అంతకుముందు ఆమె మీద ఎంత విసుక్కున్నా, ఆమె లేని ఇల్లు ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఊహించుకోలేదు.

నేను ఆఫీసుకు వెళ్తే చుక్కలు వేసేది మా ఇంటి ఓనరమ్మ. ఒక సాయంత్రం గేటు దగ్గరే పట్టుకుంది.

“ఏందమ్మా, మీ అత్త సప్పుడు జేస్తలేదు? తిట్టినా మంచిగుండు. గిట్ల ఉంటే నాకే పరేషాన్ అయితుంది.”

ఆఫీసులో కంటి రిపోర్టులు వస్తూనే ఉండేవి. ముక్కూమొహం తెలియని అమెరికా ముసలమ్మల కళ్లన్నీ క్వైటే. ఆ మాట టైపు చేసినప్పుడల్లా ఒళ్లు మండేది. వాళ్లందరికీ పంచిపెట్టిన మాట ఒక్కటి మా అత్తకు మిగల్లేదా అనిపించేది.

మళ్లీ చూపించాల్సిన రోజు సెలవు పెట్టి నేనే తీసుకెళ్లాను. దారంతా అత్త నోరు విప్పలేదు. ఆసుపత్రిలో చీకటిగది. గడ్డం ఆనించుకునే స్టాండు మీద అత్త మొహం పెట్టింది, అటువైపు నుంచి డాక్టరు సన్నటి వెలుగు వేసి కంట్లోకి చూస్తున్నాడు. పక్కన ఒక జూనియర్ డాక్టరమ్మ రాసుకుంటోంది. ఆయన ఎంతసేపటికీ తల ఎత్తడు. నేను అత్త పక్కనే నిలుచున్నాను.

“క్వైట్,” అన్నాడు. మాతో కాదు, జూనియర్‌తో. ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అని, మళ్లీ చూడటంలో పడ్డాడు.

మాకింకా ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా నాకు తెలిసిపోయింది. అంతే, వెక్కి వెక్కి ఏడ్చాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

అత్త స్టాండు మీంచి తల తీయకుండానే, చీకట్లో తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

“ఏడ్సొద్దు మే. పోతే పోనీలే. ఇంగో కన్నుండాది గదా. నీ మొగం సూసేదానికి అది సాలు.”

“పోలేదత్తా!” అన్నాను. ఆ ఇంగ్లీషు మాట ఆమెకు ఎలా చెప్పాలో ఒక్క క్షణం దిక్కు తోచలేదు. తర్వాత నోటికి దానంతటదే వచ్చింది. “నెమ్మదించిందత్తా. కన్ను నెమ్మదించింది.”

డాక్టరు తల ఎత్తాడు. “అవునమ్మా, అదే చెప్పబోతున్నా. ఇక భయం లేదు, చుక్కలు తగ్గించుకుంటూ పోదాం,” అన్నాడు.

అత్త నా చెయ్యి విదిలించింది. “బాగుంటే మల్ల ఆ ఏడుపేందే? నా గుండె ఆగిపాయ గదే!” అని, డాక్టరు వైపు తిరిగి, ఆ చుక్కలు ఎంత మండుతాయో, గంటగంటకూ లేపితే మనిషి ఎట్లా పడుకుంటుందో మొదలుపెట్టింది. ఆయన పారిపోవడానికి దారి లేక విన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అత్త ఆపకుండా మాట్లాడుతూనే ఉంది. దార్లో పేల్చిన బండల గురించి, ఓనరమ్మ చుక్కలు వేసే తీరు గురించి, కండక్టరు మీసం గురించి. కొత్తగూడ దాటాక గానీ నాకు తట్టలేదు. తన కన్ను పోయిందనుకున్న ఆ నిమిషంలో, ఇన్నాళ్లూ తన కోసం విప్పని నోరు ఆమె నా ఏడుపు ఆపడానికి విప్పింది. మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఇప్పుడేమొచ్చిందే నీకు?” అంది అత్త.

“ఏం లేదు. నువ్వు మాట్లాడత్తా,” అన్నాను.